కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అవుతోందా? పాత బైకుల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన దేశంలో కొత్త బైకులు చాలావరకు ఫ్యుయల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ ఉన్న బండ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. పాత స్ప్లెండర్లు, ఆర్‌ఎక్స్ 100లు, తాతల నాటి బుల్లెట్లు మన వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాటితో పాటు అవే సందేహాలు కూడా. తెలిసినవాళ్లు ఎవరు ఫోను చేసినా మొదటి మాట ‘కింద పెట్రోల్ కారుతోంది’ అనే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## గుర్తుపట్టే దశ

ఓవర్‌ఫ్లో అంటే లోపల అసలు ఏం జరుగుతుంది?

ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బంతి ఉంటుంది కదా, నీళ్లు నిండగానే తేలి పైకి వచ్చి పైపును మూసేస్తుంది. కార్బురేటర్ కింది గిన్నెలో ఉన్నదీ అదే ఏర్పాటు. పెట్రోల్ నిండే కొద్దీ ఫ్లోట్ పైకి లేచి, చిన్న మొనదేలిన నీడిల్‌ను ఇత్తడి సీటు రంధ్రంలోకి నొక్కుతుంది. దారి మూసుకుంటుంది. ఆ మూత సరిగ్గా పడకపోతే ట్యాంకులోని పెట్రోల్ తన బరువుతోనే దిగుతూ ఉంటుంది. గిన్నె నిండాక మిగిలింది ఓవర్‌ఫ్లో పైపు గుండా నేల మీదికో, జెట్లు అనే సన్నని రంధ్రాల గుండా ఇంజిన్‌లోకో పోతుంది. నీడిల్ మీద ఫ్లోట్ చూపే బలం చాలా స్వల్పం. అందుకే కంటికి ఆనని మట్టి రేణువు కూడా దాన్ని ఓడించగలదు.

కింద చుక్క కూడా పడటం లేదు. అయినా ఓవర్‌ఫ్లో అయి ఉంటుందా?

ఉండవచ్చు. కొన్ని కార్బురేటర్లలో అదనపు పెట్రోల్ బయటికి రావడం కంటే ఇంజిన్ వైపు వెళ్లడమే తేలిక. ఓవర్‌ఫ్లో పైపు మట్టితో పూడిపోయినా అంతే. అప్పుడు గుర్తులు వేరుగా ఉంటాయి. ప్లగ్గు విప్పితే తడిగా, మసి పట్టి ఉంటుంది. సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తుంది. పొద్దున స్టార్ట్ కావడానికి యాక్సిలేటర్ బాగా తిప్పవలసి వస్తుంది. మైలేజీ పడిపోతుంది. ఇవన్నీ ఉండి, ఇంజిన్ ఆయిల్ మట్టం కూడా పెరిగి పెట్రోల్ వాసన వేస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

నల్ల పొగ వస్తోంది కానీ అది ఓవర్‌ఫ్లో వల్లేనా, చోక్ (చల్లని ఇంజిన్ స్టార్ట్ అయ్యేలా పెట్రోల్ పాలు పెంచే మీట) వల్లా, ఎయిర్ ఫిల్టర్ వల్లా?

ఒక చిన్న పరీక్ష ఉంది. బండి ఐడిల్‌లో, అంటే యాక్సిలేటర్ తిప్పకుండా, నడుస్తుండగా పెట్రోల్ ట్యాప్ మూసేయండి. గిన్నెలో మట్టం మెల్లగా తగ్గుతుంది. మట్టం తగ్గే కొద్దీ ఇంజిన్ గొంతు సవరించుకున్నట్టు చక్కబడి, కాసేపు హాయిగా నడిచి, తర్వాత పెట్రోల్ అయిపోయి ఆగిపోతే గిన్నెలో మట్టం ఎక్కువగా ఉన్నట్టే. ఏ మార్పూ లేకుండా నేరుగా ఆగిపోతే ముందు చోక్ పూర్తిగా వెనక్కి వెళుతోందో లేదో, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందో చూడండి. చోక్ కేబుల్ బిగుసుకుని సగంలో ఆగిన బండిని ఓవర్‌ఫ్లో అనుకుని మూడుసార్లు కార్బురేటర్ విప్పించినవాళ్లు నాకు తెలుసు.

మధ్యాహ్నం ఎండలో పెట్టినప్పుడే కారుతోంది, సాయంత్రం బాగానే ఉంటోంది. ఎందుకు?

ట్యాంకు మూతలో గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే, మే నెల ఎండలో ట్యాంకు కాగినప్పుడు లోపల పెట్రోల్ ఆవిరి ఒత్తిడి పెరిగి నీడిల్‌ను తోసేస్తుంది. రెంటచింతలలో అయితే చెప్పనక్కర్లేదు. కారుతున్న సమయంలోనే మూత కొద్దిగా తెరిచి చూడండి. ‘హుస్’మని గాలి బయటికి వచ్చి కారడం తగ్గితే దోషం మూతదే. మూత శుభ్రం చేస్తే సరిపోతుంది. ఎండలో ఆపేటప్పుడు ట్యాప్ మూసే అలవాటు కూడా మంచిది.

సైడ్ స్టాండ్ వేస్తేనే కారుతుంది, మధ్య స్టాండ్ మీద కారదు. ఇది మామూలేనా?

బండి ఎడమవైపు వాలినప్పుడు గిన్నెలో పెట్రోల్ ఒక పక్కకు చేరుతుంది. మట్టం ఇప్పటికే అంచుకు దగ్గరగా ఉంటే ఆ కాస్త వాలుకే పొర్లుతుంది. సరైన మట్టం ఉన్న బండి సైడ్ స్టాండ్ మీద కారకూడదు. అందుచేత దీన్ని ముందస్తు హెచ్చరికగా తీసుకోండి. బండి కింద పడిపోయినప్పుడు కారడం మాత్రం సహజమే.

## రోడ్డు మీద ఆగిపోయినప్పుడు

కిక్ కొట్టి కొట్టి కాలు పోయింది, పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు కిక్ కొట్టడం ఆపండి. ట్యాప్ మూయండి. చోక్ పూర్తిగా తీసేయండి. యాక్సిలేటర్ చివరి దాకా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టండి. అలా చేస్తే గాలి ఎక్కువగా వెళ్లి తడి ఆరుతుంది. పెట్రోల్ చక్కగా మండాలంటే దాని బరువుకు దాదాపు 14.7 రెట్ల గాలి కావాలి. లోపల పెట్రోల్ నిండిపోయినప్పుడు ఆ నిష్పత్తి ఎక్కడికో పోతుంది కాబట్టి ఎంత మంచి నిప్పురవ్వ వచ్చినా అంటుకోదు. అయినా స్టార్ట్ కాకపోతే ప్లగ్గు విప్పి తుడిచి ఆరబెట్టండి. తాళం ఆఫ్‌లో ఉంచి, ప్లగ్గు లేకుండానే పది కిక్కులు కొట్టండి. ప్లగ్గు రంధ్రం ముందు ముఖం పెట్టకండి, అక్కడి నుంచి పెట్రోల్ తుంపర వస్తుంది. పది నిమిషాలు ఆగి ప్లగ్గు బిగించండి.

కిక్ కిందికి దిగకుండా గట్టిగా ఆగిపోతే, ముఖ్యంగా పెద్ద బుల్లెట్లలో, బలం చూపించకండి. సిలిండర్‌లో ద్రవం నిండి ఉండవచ్చు. ద్రవం గాలిలా కుంచించుకోదు కాబట్టి పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. ముందు ప్లగ్గు తీయండి.

కార్బురేటర్‌ను తట్టితే ఆగుతుందని అంటారు. అది నిజమా, మూఢనమ్మకమా?

నిజమే. స్క్రూడ్రైవర్ చెక్క పిడితో గిన్నె పక్కన మెల్లగా రెండు మూడు సార్లు తట్టితే, నీడిల్ కింద ఇరుక్కున్న రేణువు కదిలిపోవచ్చు, పట్టేసిన ఫ్లోట్ విడిపోవచ్చు. సుత్తితో కాదు. గిన్నె అల్యూమినియంతోనో జింకు మిశ్రమంతోనో చేసినది, ఇట్టే పగులుతుంది. ఇలా తట్టగానే ఆగిపోయిందంటే లోపల చెత్త ఉందని మీకు సమాచారం దొరికినట్టు. బాగైపోయిందని మాత్రం కాదు. నేను ఈ ‘వైద్యం’తో ఒక వేసవి అంతా గడిపి, చివరికి పెట్రోల్ కలిసిన ఆయిల్‌తో బేరింగుల మోత తెచ్చుకున్నాను.

కారుతున్న బండిని ఇంటి దాకా నడపవచ్చా?

పెట్రోల్ ఎక్కడ పడుతోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఓవర్‌ఫ్లో పైపు సరిగ్గా కిందికి వేలాడుతూ చుక్కలు నేల మీదే పడుతుంటే, ట్యాప్ మూసి నడుపుతూ, బండి తడబడినప్పుడు కొన్ని సెకన్లు తెరిచి మళ్లీ మూస్తూ దగ్గరి మెకానిక్ దాకా వెళ్లవచ్చు. ఇంజిన్ మీదో సైలెన్సర్ మీదో పడుతుంటే, పైపు ఊడిపోయి ఉంటే, వద్దు. పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతుంది. తోసుకెళ్లడం నామోషీ ఏమీ కాదు. ఒకవేళ మంట వస్తే నీళ్లు పోయకండి, పెట్రోల్ నీటి మీద తేలుతూ మంటను పరుస్తుంది. ఇసుక గానీ పొడి రకం అగ్నిమాపకం గానీ వాడండి.

నాది ఆర్‌ఎక్స్ 100. రాత్రి ట్యాప్ మూయడం మరిచిపోయాను, పొద్దున అస్సలు స్టార్ట్ కావడం లేదు. ఏం చేయను?

టూ స్ట్రోక్ బండిలో పెట్రోల్ నేరుగా క్రాంక్ కేసులోకి, అంటే ఇంజిన్ కింది గదిలోకి, దిగి అక్కడే నిలిచిపోతుంది. మామూలు తడి కంటే ఇది మొండిది. ట్యాప్ మూసి, ప్లగ్గు తీసి, తాళం ఆఫ్‌లో పెట్టి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి ఇరవై ముప్పై కిక్కులు కొట్టాలి. ప్లగ్గు రంధ్రం నుంచి తుంపర రావడం ఆగాక పొడి ప్లగ్గు బిగించి స్టార్ట్ చేయండి. కాసేపు దట్టమైన పొగ వస్తుంది, కంగారు పడకండి.

## విప్పడానికి ముందు

మెకానిక్ ఎయిర్ స్క్రూ తిప్పి ‘సెట్ చేశాను’ అన్నాడు. రెండు రోజులకే మళ్లీ మొదలైంది. ఎందుకు?

ఎయిర్ స్క్రూకూ ఓవర్‌ఫ్లోకూ సంబంధం లేదు. ఆ స్క్రూ ఐడిల్‌లో వెళ్లే గాలి, పెట్రోల్ పాళ్లను మాత్రమే సవరిస్తుంది. గిన్నెలోకి పెట్రోల్ వచ్చే దారిని అది ముట్టుకోదు. పొంగుతున్న పాలకుండ కింద మంట తగ్గించకుండా మూత రంగు మార్చినట్టు ఉంటుంది ఆ పని. పైగా మట్టం పెరిగి ఉన్నప్పుడు స్క్రూ తిప్పి ఐడిల్ కుదిర్చితే, తర్వాత అసలు దోషం సరిచేసినా ఐడిల్ పాడవుతుంది. ఎవరైనా స్క్రూడ్రైవర్ పట్టుకుని అటు చేయి పెట్టబోతే, ఇప్పుడు ఎన్ని చుట్లు తెరిచి ఉందో ముందు లెక్కపెట్టి రాసుకోమనండి.

కార్బురేటర్ మొత్తం విప్పకుండా ప్రయత్నించగలిగేది ఏదైనా ఉందా?

ఉంది, సగం బండ్లు దీనితోనే బాగుపడతాయని నా అనుభవం. గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఇంజిన్ చల్లారాక, పైపు కింద గాజు సీసా పెట్టి ఆ స్క్రూ వదులు చేసి, ట్యాప్ తెరిచి ఒక కప్పు పెట్రోల్‌ను వేగంగా పోనివ్వండి. ఆ ప్రవాహం నీడిల్ దగ్గరి చెత్తను కడిగేస్తుంది. స్క్రూ బిగించి చూడండి. తర్వాత సీసాను ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురులో చూడండి. అడుగున ఎర్రని పొడి ఉంటే ట్యాంకు తుప్పు పట్టింది. నీటి బుడగల్లాంటి పొర ఉంటే నీళ్లు చేరాయి. సన్నని నల్ల ముక్కలు పెట్రోల్ పైపు లోపలి రబ్బరు అరిగి రాలుతోందని చెబుతాయి. ఎక్కడి నుంచి జబ్బు వస్తోందో ఆ సీసాయే చెప్పేస్తుంది.

గిన్నెలో మట్టం ఎంత ఉందో బయటి నుంచి చూడవచ్చా?

డ్రెయిన్ పైపుకు పారదర్శకమైన సన్నని గొట్టం తగిలించి, దాన్ని కార్బురేటర్ పక్కనే పైకి ఎత్తి పట్టుకోండి. డ్రెయిన్ స్క్రూ తెరిచి, ట్యాప్ తెరిస్తే గొట్టంలో పెట్రోల్ గిన్నెలోని మట్టం దాకా ఎక్కి ఆగుతుంది. చాలా బండ్లలో అది గిన్నె, పై భాగం కలిసే అంచుకు కొద్దిగా కింద ఆగాలి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే నీడిల్ మూయడం లేదు. ఆగింది కానీ అంచుకు పైన ఆగిందంటే ఫ్లోట్ ఎత్తు తప్పింది. ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే అనవసరంగా కొనే సామాన్లు సగం తగ్గుతాయి. కొన్ని కార్బురేటర్లలో డ్రెయిన్ స్క్రూ తెరిస్తే పెట్రోల్ పైపులోకి కాక పక్క నుంచి వస్తుంది, వాటికి ఈ పద్ధతి కుదరదు.

నా బండికి ఆన్, ఆఫ్ ట్యాప్ లేదు, ఇంజిన్ తిరిగితేనే పెట్రోల్ వదులుతుంది. అది కూడా కారణం కావచ్చా?

కావచ్చు. అలాంటి ట్యాపులో పల్చని రబ్బరు పొర ఉంటుంది, ఇంజిన్ పీల్చే గాలి దాన్ని తెరుస్తుంది. ఆ పొర చిరిగితే పెట్రోల్ గాలి గొట్టం గుండా నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది, కార్బురేటర్ ఎంత కొత్తదైనా లాభం లేదు. ఇంజిన్ ఆపి, ఆ సన్నని గాలి గొట్టం ఊడదీయండి. దానిలో పెట్రోల్ తడి కనబడితే ట్యాపు కిట్ మార్చండి.

## విప్పిన తర్వాత

స్క్రూల తలలు అరిగిపోతున్నాయి. గిన్నె ఎలా విప్పాలి?

జపాన్ నమూనా కార్బురేటర్ల స్క్రూ తలలు మన బజారులో దొరికే ప్లస్ స్క్రూడ్రైవర్‌కు పూర్తిగా సరిపోవు. చివర లోపలికి కూర్చోకుండా జారి తలను తినేస్తుంది. సరిపోయే మొన ఉన్నది వాడి, బాగా అదిమి తిప్పండి. బిగుసుకుంటే తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి.

షాపులో ‘నీడిల్ మార్చాలి’ అన్నారు. ఏ నీడిల్?

ఇక్కడే చాలామంది మోసపోతారు, కావాలని కాకపోయినా. కార్బురేటర్‌లో రెండు నీడిళ్లు ఉంటాయి. యాక్సిలేటర్ కేబుల్‌తో పైకి కిందికి కదిలే పొడవాటిది ఒకటి. దానికి ఓవర్‌ఫ్లోతో పని లేదు. రెండోది గిన్నె లోపల ఫ్లోట్‌కు తగులుకుని ఉండే పొట్టిది, చివర రబ్బరు మొన ఉంటుంది. మీకు కావలసింది అదే, ఫ్లోట్ నీడిల్ అని స్పష్టంగా అడగండి. పాత నీడిల్‌ను చేత్తో పట్టుకుని వెలుతురులో మొన చూడండి. మొన చుట్టూ ఉంగరంలా గాడి కనబడినా, రబ్బరు గట్టిపడినా, ఉబ్బినా మార్చేయాలి. వెనుక వైపు స్ప్రింగుతో కదిలే చిన్న పిన్ను ఉంటే, అది నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రావాలి.

కొత్త నీడిల్ వేసినా కారుతోంది. ఇక కార్బురేటర్ పారేయాలా?

తొందరపడకండి. నీడిల్ కూర్చునే ఇత్తడి సీటు చూడండి. పాత పెట్రోల్ ఎండి పట్టిన బంక, పచ్చని చిలుము అక్కడ చేరుతుంది. దూది చుట్టిన పుల్లకు ఇత్తడి పాత్రలు మెరిపించే పాలిష్ కాస్త అద్ది, వేళ్ల మధ్య తిప్పుతూ సీటును మెరిసేదాకా రుద్ది, తర్వాత బాగా కడగండి. ఉప్పుకాగితం మాత్రం తాకించకండి. సీటు మరతో బిగించే రకమైతే నీడిల్, సీటు జతగా మార్చడం మేలు. దాని కింది వాషరో ఓ రింగో పాడైతే పెట్రోల్ సీటు పక్క నుంచి దూరి వస్తుంది, అప్పుడు ఎన్ని నీడిళ్లు మార్చినా అంతే.

ఇంకొకటి, చాలామంది చూడనిది. గిన్నె మధ్యలో నిలబడి ఉండే సన్నని ఇత్తడి గొట్టమే ఓవర్‌ఫ్లో పైపుకు దారి. దానికి నిలువునా సన్నని పగులు వస్తే, మట్టం సరిగ్గా ఉన్నా పెట్రోల్ కారుతూనే ఉంటుంది. విప్పిన గిన్నెను పెట్రోల్‌తో గొట్టం పై అంచుకు కొద్దిగా కింది దాకా నింపి, కాగితం మీద పెట్టి పది నిమిషాలు చూడండి. కాగితం తడిస్తే దొంగ దొరికినట్టే.

ఫ్లోట్ పాడైందని ఎలా తెలుస్తుంది?

చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ద్రవం కదిలిన చప్పుడు వస్తే చిల్లు ఉంది. చప్పుడు రాకపోతే వేడి నీళ్లలో ముంచండి, లోపలి గాలి వ్యాకోచించి చిల్లు ఉన్న చోట బుడగలు వస్తాయి. పెట్రోల్ తడి ఆరకుండా మంట దగ్గరికి తీసుకెళ్లకండి, నీళ్లు వేరే గదిలో కాచుకుని తెచ్చుకోండి. ఇత్తడి ఫ్లోట్‌కు టంకం వేయవచ్చు కానీ టంకం బరువుకు మట్టం మారుతుంది. ప్లాస్టిక్ ఫ్లోట్‌ను అంటించే ప్రయత్నం వద్దు.

ఫ్లోట్ ఎత్తు కొలవడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. సులువుగా చెబుతారా?

గిన్నె విప్పిన కార్బురేటర్‌ను తలకిందులు చేయండి, గిన్నె అంచున కారకుండా ఉండే పల్చని గాస్కెట్ పొర తీసేయండి. ఇప్పుడు దాన్ని మెల్లగా పక్కకు వాల్చుతూ రండి. ఫ్లోట్‌కు ఉన్న చిన్న రేకు నాలుక నీడిల్ పిన్నును తాకీ తాకనట్టు ఉండే చోట ఆపండి. స్ప్రింగు నొక్కుకోకూడదు. నూటికి తొంభై తప్పులు ఇక్కడే జరుగుతాయి, ఫ్లోట్ బరువుతో స్ప్రింగు నొక్కుకున్నాక కొలుస్తారు. ఆ స్థితిలో గాస్కెట్ కూర్చునే అంచు నుంచి ఫ్లోట్ పైకి ఉన్న అంచు దాకా దూరం కొలవండి. ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలన్నది మీ బండి సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. ఒక మోడల్ అంకె మరొక మోడల్‌కు వాడకండి.

గుర్తు పెట్టుకోవలసినది తిరగేసి ఉంటుంది. ఈ దూరం పెరిగితే గిన్నెలో పెట్రోల్ మట్టం తగ్గుతుంది, దూరం తగ్గితే మట్టం పెరుగుతుంది. ఓవర్‌ఫ్లో అవుతుంటే నాలుకను నీడిల్ వైపుకు వెంట్రుకవాసి వంచాలి. చిన్న స్క్రూడ్రైవర్‌తో నాలుకను మాత్రమే వంచండి, ఫ్లోట్‌ను పట్టుకుని నీడిల్ మీదికి నొక్కితే మొన పాడవుతుంది. నాలుక కూడా ప్లాస్టిక్‌ది అయితే వంచడం కుదరదు, కొలత తేడా వస్తే ఫ్లోట్ మార్చడమే.

జెట్లు శుభ్రం చేయడానికి చీపురు పుల్ల చాలదా?

పుల్ల విరిగి లోపలే ఉండిపోతుంది. ఇనుప తీగ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి, గాలి పెట్టండి. గాలి కొట్టే ముందు ఫ్లోట్, రబ్బరు భాగాలు పక్కన పెట్టండి.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లే ఈ మధ్య ఇవి ఎక్కువయ్యాయా?

కొంతవరకు సంబంధం ఉంది. దేశంలో పదిశాతం మిశ్రమం 2022 నాటికే వచ్చింది, ఇరవై శాతం కలిపిన పెట్రోల్ 2023 నుంచి మొదలైంది. పాత బండ్ల రబ్బరు ముక్కలు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో పేరుకున్న పాత బంకను వదిలిస్తుంది. ఆ వదిలిన చెత్త అంతా వచ్చి చేరేది నీడిల్ దగ్గరికే. అయినా ప్రతి ఓవర్‌ఫ్లోకూ పెట్రోల్‌ను తిట్టడం న్యాయం కాదు. పదిహేనేళ్లుగా మార్చని నీడిల్ ఏ పెట్రోల్‌తోనైనా కారుతుంది.

## బిగించిన తర్వాత

అంతా బిగించాను. వెంటనే నడపవచ్చా?

స్టార్ట్ చేయకముందు ట్యాప్ తెరిచి, పావుగంట అలాగే వదిలి, ఓవర్‌ఫ్లో పైపు కింద పొడి కాగితం పెట్టండి. మధ్య స్టాండ్ మీద ఒకసారి, సైడ్ స్టాండ్ మీద ఒకసారి. కాగితం పొడిగా ఉంటే తర్వాతి పని ఇంజిన్ ఆయిల్ చూడటం. మట్టం పెరిగి ఉన్నా, వాసన చూస్తే పెట్రోల్ తెలిసినా, ఆయిల్ మార్చకుండా ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. వంద సీసీ బండిలో పట్టేదే దాదాపు లీటరు ఆయిల్. దాని ఖరీదుకు వెనుకాడి ఇంజిన్ పని తెచ్చుకోవడం ఎందుకు?

రిపేర్ కిట్ కంపెనీదే తీసుకోవాలా, ఆటోనగర్‌లో చవగ్గా దొరికేది చాలదా?

గాస్కెట్లు చవకవి వాడి చూడండి, పరవాలేదు. ఫ్లోట్ నీడిల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నకిలీ నీడిల్ పొడవులో అర మిల్లీమీటరు తేడా ఉన్నా మట్టం మారిపోతుంది. పాతదాన్ని వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చాకే డబ్బు ఇవ్వండి.

బండి రెండు నెలలు వాడను. మళ్లీ ఇదే గొడవ రాకుండా ఏం చేయాలి?

ట్యాప్ మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడపండి, మిగిలిన చుక్కలను డ్రెయిన్ స్క్రూ తెరిచి వదిలేయండి. ఇలా చేస్తే గిన్నెలో పెట్రోల్ ఎండి బంక కట్టదు. ఇనుప ట్యాంకును నిండుగా ఉంచితే లోపల తేమ చేరడానికి ఖాళీ తక్కువ. కానీ ఇథనాల్ పెట్రోల్‌తో రెండు నెలలు మించితే ఖాళీ చేసి, లోపల కాస్త ఆయిల్ తిప్పి మూయడమే నాకు నచ్చిన పద్ధతి. పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టించుకుంటే, పెట్రోల్ తన బరువుతో దిగే బండ్లకు సరిపోయే రకమే తీసుకోండి. పంపు ఉన్న వాహనాల ఫిల్టర్ పెడితే పెట్రోల్ చాలక బండి రొప్పుతుంది.